లక్వాకు లాక్‌డౌన్ లేదు: కరోనా కాలంలో ఆస్పత్రి దాకా రాని పేషెంట్ల లెక్క

కరోనా మొదటి వేవ్ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లో వినిపించిన మాట ఒకటే: "ఏమైనా కానీ, ఇప్పుడు ఆస్పత్రి వైపు మాత్రం పోవద్దు." జ్వరానికీ అదే మాట, ఆయాసానికీ అదే మాట, చివరికి నోరు వంకర పోయి చెయ్యి పడిపోయినా అదే మాట. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. సరిగ్గా నెలకు రంజాన్ మొదలైంది. ఆ ఏడాది ఇఫ్తార్ ఇంట్లోనే, తరావీహ్ ఇంట్లోనే, ఈద్ నమాజ్ కూడా ఇంట్లోనే. చాలామందికి వైద్యం కూడా ఇంట్లోనే అయిపోయింది.

ఆ రెండేళ్లూ ప్రభుత్వాలు రోజూ బులెటిన్ ఇచ్చాయి. ఎన్ని టెస్టులు చేశారు, ఎంతమందికి పాజిటివ్ వచ్చింది, ఎంతమంది డిశ్చార్జ్ అయ్యారు, ఎంతమంది చనిపోయారు. పక్షవాతం వచ్చి, భయంతోనో బండి దొరకకో ఆస్పత్రికి చేరలేక, మంచానికే పరిమితమైనవాళ్లకు ఆ బులెటిన్‌లో కాలమ్ లేదు. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో కారణం ఏమిటో వైద్యపరంగా ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో పోయినవాళ్ల గురించి మనకు తెలిసింది ఇంకా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అంచనా ప్రకారం 2020, 2021లలో భారత్‌లో మామూలు కంటే అదనంగా 47 లక్షల మంది చనిపోయారు. కేంద్రం ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఆ రెండేళ్లకు ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు 5 లక్షల లోపే. ఈ రెండు అంకెల మధ్య గొడవ అంతా కోవిడ్ చుట్టూనే తిరిగింది. అయితే అదనపు మరణాలంటే కోవిడ్ మరణాలొక్కటే కాదు. వేరే జబ్బుకు సమయానికి వైద్యం అందక పోయినవాళ్లు కూడా అందులో ఉంటారు. వాళ్ల గురించి చర్చ జరిగిందే తక్కువ.

నొప్పి లేని జబ్బు

మన ఇళ్లల్లో లక్వా అంటారు, ఫాలిజ్ అంటారు, పక్షవాతం అంటారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. లక్వా అనే మాటను మనవాళ్లు రెండు వేర్వేరు జబ్బులకు వాడతారు. ముఖానికి పోయే నరం ఒక్కటే దెబ్బతిని నోరు వంకర పోయేది ఒకటి. ఇందులో ప్రాణభయం ఉండదు, చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. రెండోది మెదడులో వచ్చేది, డాక్టర్లు స్ట్రోక్ అనేది దీన్నే. "పక్కింటి ఖాలాకు కూడా ఇట్లనే అయింది, పసరు మందుతో తగ్గిపోయింది" అనే కథల వెనుక ఎక్కువగా ఉండేది మొదటి రకం. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చడం ఎవరి వల్లా కాదు.

స్ట్రోక్‌లో ఎక్కువమందికి జరిగేది మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడటం. మిగతావాళ్లకు నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను నాళం చిట్లినవాళ్లకు ఇస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ముందు సీటీ స్కాన్ తీయాలి. గడ్డ అని తేలితే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి బయటికి లాగుతారు. దానికి మామూలుగా ఆరు గంటలు గడువు, కొందరికి స్కాన్ చూసి 24 గంటల వరకూ చేస్తారు. అమెరికా న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో ఒక లెక్క వేశాడు. వైద్యం అందని ఒక్కో నిమిషానికి మెదడు పోగొట్టుకునే కణాలు దాదాపు 19 లక్షలు.

గుండెపోటుకు నొప్పి ఉంటుంది, మనిషి కేక వేస్తాడు, ఇల్లంతా పరిగెత్తుతుంది. స్ట్రోక్‌లో చాలాసార్లు నొప్పే ఉండదు. చెయ్యి తిమ్మిరెక్కినట్టు, మాట ముద్దగా వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. అసలే ఆస్పత్రి అంటే భయం ఉన్న రోజుల్లో నొప్పి లేని జబ్బును "కొంచెం సేపు చూద్దాం" అనుకోవడం ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు. కరోనా కాలంలో స్ట్రోక్ పేషెంట్లకు జరిగిన నష్టంలో పెద్ద వాటా ఈ "కొంచెం సేపు"దే.

జబ్బు తగ్గలేదు, వచ్చేవాళ్లు తగ్గారు

70 దేశాల్లోని 457 స్ట్రోక్ సెంటర్ల రికార్డులు కలిపి చేసిన పెద్ద అధ్యయనం 2021లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. మహమ్మారికి ముందు నాలుగు నెలల్లో ఆ సెంటర్లలో 91,373 మంది స్ట్రోక్‌తో చేరితే, మహమ్మారి మొదటి నెలల్లో చేరినవాళ్లు 80,894 మంది. అంటే 11.5 శాతం తక్కువ. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పొందినవాళ్లు 13.2 శాతం తగ్గారు. అమెరికాలో స్ట్రోక్ స్కాన్ల లెక్క చూస్తే, 2020 ఫిబ్రవరితో పోలిస్తే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో 39 శాతం పడిపోయింది. అంబులెన్సులకూ స్కానర్లకూ కొదవ లేని దేశం పరిస్థితి అది.

ఈ అంకెల్ని చూసి లాక్‌డౌన్‌లో ఇంటి తిండి, విశ్రాంతి వల్ల స్ట్రోక్‌లే తగ్గాయని అన్నవాళ్లు ఉన్నారు. కొంత ఉంటే ఉండొచ్చు. కానీ రెండు మూడు వారాల్లో నాలుగో వంతుకు మించి మాయమయ్యే జబ్బు కాదు ఇది. బీపీ, షుగర్ ఏళ్ల తరబడి నాళాలను పాడు చేస్తే వచ్చేది. పైగా కోవిడ్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందని అప్పటికే తేలుతోంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై ఆస్పత్రుల డాక్టర్లు 2020 ఏప్రిల్‌లోనే రాశారు, రెండు వారాల్లో 50 ఏళ్ల లోపు వాళ్లు ఐదుగురు పెద్ద స్ట్రోక్‌తో వచ్చారని, ఐదుగురికీ కోవిడ్ ఉందని. అంతకుముందు ఏడాదిలో ఆ వయసువాళ్లు రెండు వారాలకు సగటున ఒక్కరు కూడా వచ్చేవారు కాదు. ఆ ఐదుగురిలోనూ ఆస్పత్రికి రావడానికి భయపడి ఆలస్యం చేసినవాళ్లు ఉన్నారు.

మందుల సంగతి ఇంకోటి. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాల్లో సర్వే చేస్తే 53 శాతం దేశాల్లో బీపీ వైద్యానికి కొంతో పూర్తిగానో అంతరాయం కలిగిందని తేలింది. మన దగ్గర మెడికల్ షాపులు తెరిచే ఉన్నాయి. కానీ ఆటో నడవక, మగ్గం ఆడక, కూలి లేక నెల గడవని ఇంట్లో ముందు ఆగేది బీపీ టాబ్లెట్టే. ఆపితే వెంటనే ఏమీ తెలియదు కదా. దానికి తోడు కొన్ని రకాల బీపీ మందులు వేసుకుంటే కరోనా త్వరగా పట్టుకుంటుందని ఫోన్లలో ప్రచారం జరిగింది. మందు ఆపొద్దని గుండె డాక్టర్ల సంఘాలు మార్చిలోనే ప్రకటనలు ఇచ్చాయి. ఫోన్లో వచ్చిన పుకారు తిరిగినంత వేగంగా ఆ ప్రకటన తిరగలేదు.

గాంధీ, ఉస్మానియా, మధ్యలో పేదవాడు

హైదరాబాద్‌లో పేద కుటుంబానికి పెద్ద జబ్బు వస్తే ముందు గుర్తొచ్చే పేర్లు రెండు, గాంధీ, ఉస్మానియా. 2020 ఏప్రిల్‌లో గాంధీని పూర్తిగా కోవిడ్ ఆస్పత్రి చేశారు. మిగతా పేషెంట్లను ఉస్మానియాకు పంపారు. అదే ఏడాది జూలై మధ్యలో కురిసిన వానకు ఉస్మానియా పాత భవనంలో వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. మంచాల కింద మురుగునీళ్లు పారుతున్న వీడియోలు దేశమంతా చూసింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన ఆ భవనాన్ని నెలాఖరుకల్లా ఖాళీ చేయించారు. అంటే రెండు ఆస్పత్రుల భారం ఒకదానిపై పడ్డ ఏడాదిలోనే ఆ ఒక్కదానికి కూడా చోటు తగ్గింది. 2020 చివర్లో గాంధీలో మామూలు సేవలు మొదలయ్యాయో లేదో, 2021 ఏప్రిల్‌లో మళ్లీ కోవిడ్‌కే కేటాయించారు.

గాంధీని కోవిడ్‌కు ఇవ్వడం తప్పని అనలేం. ఆక్సిజన్ లైన్లు, ఐసీయూలు, పెద్ద డాక్టర్లు ఒకే చోట ఉన్న ఆస్పత్రి అది. ప్రశ్న వేరే. స్ట్రోక్ పేషెంట్ ఉస్మానియాకు పోవాలని కాగితం మీద ఉంది సరే, రాత్రి రెండు గంటలకు తండ్రి మాట పడిపోయిన ఇంటికి ఆ కాగితం చేరిందా? ఒక గేటు దగ్గర "ఇక్కడ కాదు" అనిపించుకుని ఇంకో గేటుకు పోయేసరికి ఎన్ని నిమిషాలు పోతాయి?

ప్రైవేటులో గేటు వేరే రకం. ముందు కోవిడ్ రిపోర్టు తెండి అన్నారు. ఆర్టీపీసీఆర్ ఫలితం రావడానికి ఆ రోజుల్లో ఒక రోజు పైనే పట్టేది. వైద్యానికి ఉన్న గడువు నాలుగున్నర గంటలు. ఇక్కడ లెక్క చేయడానికి కూడా ఏమీ లేదు. దేశంలో చాలాచోట్ల ఇదే జరుగుతోందని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 28న రాష్ట్రాలకు లేఖ రాసింది, కోవిడ్ భయంతో డయాలసిస్, కీమోథెరపీ, కాన్పుల లాంటి అత్యవసర సేవలు నిరాకరించొద్దని, ముందే టెస్టు కావాలని పట్టుబట్టొద్దని. ఇంకో దారి ఉందని కూడా అప్పటికే తెలుసు. ప్రతి స్ట్రోక్ పేషెంట్‌నూ కోవిడ్ ఉన్నవాడిగానే భావించి, సిబ్బంది పీపీఈ కిట్ వేసుకుని, టెస్టు కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టే పద్ధతిని కెనడా డాక్టర్లు ఆ వసంతంలోనే రాసి ప్రచురించారు. కిట్ వేసుకోవడానికి కొన్ని నిమిషాలు పోతాయి. రోజులు పోవు.

2021 మేలో సెకండ్ వేవ్ ముదిరినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. కర్నూలు దగ్గర పుల్లూరు టోల్‌గేట్ వద్ద బారులు తీరిన అంబులెన్సులు టీవీల్లో కనిపించాయి. ఆ ఆంక్ష కోవిడ్ పేషెంట్ల గురించే. మే 14న తెలంగాణ హైకోర్టు దాన్ని నిలిపివేసింది. కానీ రాయలసీమ వాళ్లు పెద్ద జబ్బు వస్తే హైదరాబాద్ వైపే చూస్తారని తెలిసినవాళ్లకు ఆ దృశ్యం చూసి వేరే ఆలోచన రాకుండా ఉండదు. లోపలున్నది ఏ పేషెంటో గేటు దగ్గర నిలబడ్డవాడికి ఎట్లా తెలుస్తుంది?

మనవాళ్ల భయం వేరు

ఆస్పత్రి భయం అందరికీ ఉంది. ముస్లిం కుటుంబాలకు మాత్రం దానిపైన ఇంకో పొర ఉంది. 2020 మార్చి 30న, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. మర్నాటి నుంచి టీవీ స్టూడియోల్లో వైరస్‌కు మతం అంటగట్టారు. వెళ్లొచ్చినవాళ్లు ముందుకొచ్చి పరీక్ష చేయించుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ టోపీ, గడ్డం, బుర్ఖా కనిపిస్తే చాలు ప్రశ్నలు మొదలయ్యే వాతావరణం దానివల్ల రాలేదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ముస్లిం పేషెంట్లు కోవిడ్ నెగెటివ్ రిపోర్టుతోనే రావాలని ఆ ఏప్రిల్‌లో పత్రికలో ప్రకటనే ఇచ్చింది. దానిపై కేసు పెట్టారు, ఆస్పత్రి క్షమాపణ కూడా చెప్పింది. విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ ఆగస్టు 21న కొట్టేసింది. వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలల్లో "ఆస్పత్రికి పోతే ఇంటిల్లిపాదినీ క్వారంటైన్‌కు తీసుకుపోతారు, గల్లీకి బారికేడ్ వేస్తారు" అనే భయంతో ఆగిపోయినవాళ్లలో కరోనా లేనివాళ్లూ ఉన్నారు. బీపీ పేషెంట్లూ ఉన్నారు.

కర్నూలు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్‌ను అక్కడి జనం రెండు రూపాయల డాక్టర్ అని పిలిచేవాళ్లు. హిందూ ముస్లిం తేడా లేకుండా, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా పేదలు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. 2020 ఏప్రిల్ 14న ఆయన చనిపోయారు. ఆ తర్వాత కోవిడ్ అని తేలింది. ఆయన మరణాన్ని అందరూ ఒక మంచి మనిషిని పోగొట్టుకున్న బాధగా చూశారు. వైద్యపరంగా కూడా చూడాలి. పేదవాడి బీపీ చూసి, టాబ్లెట్ రాసి, "మాట తేడాగా ఉంది, వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపోండి" అని చెప్పే మొదటి మనిషి వీధిలోని డాక్టరే. ఆ ఏడాది కొందరు డాక్టర్లు చనిపోయారు, చాలామంది వయసు రీత్యా క్లినిక్ మూసేశారు. కింది మెట్టే లేకపోతే పైమెట్టుకు ఎవరు చేరతారు?

గల్ఫ్ కుటుంబాల కష్టం ఇంకో తీరు. కొడుకు జెడ్డాలోనో దమ్మామ్‌లోనో, కడపలోనో నిజామాబాద్‌లోనో అమ్మీ, కోడలు, చిన్నపిల్లలు. అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి 23 నుంచి బంద్. వందే భారత్ మిషన్ మొదలైంది మే 7న. ఆస్పత్రికి తీసుకుపోవాలా వద్దా, ఇంజెక్షన్‌కు సంతకం ఎవరు పెట్టాలి, డబ్బు ఎక్కడిది, అన్నీ ఫోన్లోనే తేలాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వల్ల కొందరికి మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే డాక్టర్ సంతకం అడుగుతాడు. పగలు తిరిగే మామయ్యలు, చిన్నాన్నలు కూడా కర్ఫ్యూలో రాలేకపోతే ఆ సంతకం భారమంతా కోడలి మీదే.

ప్రాణం నిలిచినవాళ్లకు తర్వాతి కష్టం ఫిజియోథెరపీ. స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లో చేసే వ్యాయామానికి చెయ్యి, కాలు ఎక్కువగా స్పందిస్తాయి. ఆ మూడు నెలలు లాక్‌డౌన్‌లో పోయినవాళ్లకు తిరిగి ఎవరివ్వగలరు? ఇంటికొచ్చే ఫిజియోను రానివ్వలేదు. ఆడవాళ్లకు ఆడ ఫిజియో కావాలనుకునే ఇళ్లలో మామూలు రోజుల్లోనే అది దొరకడం కష్టం.

ఇప్పుడు మారాల్సింది ఎక్కడ

పెద్ద నగరంలో రెండు మూడు ఆస్పత్రుల మీదే ఆధారపడితే మహమ్మారి వచ్చినప్పుడు ఏమవుతుందో చూశాం. దీనికి జవాబు దేశంలోనే ఉంది. హిమాచల్ ప్రదేశ్ 2014 నుంచే జిల్లా ఆస్పత్రుల్లో మామూలు ఫిజీషియన్లతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పిస్తోంది. సీటీ స్కాన్ ఫొటో ఫోన్లో న్యూరాలజిస్ట్‌కు పోతుంది, అటునుంచి సలహా వస్తుంది, మందు ప్రభుత్వానిది. కొండల్లో దారులు కష్టమని వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. కేరళ శిరస్ పేరుతో జిల్లా ఆస్పత్రుల్లో స్ట్రోక్ యూనిట్లు పెట్టింది. మందులో కూడా మార్పు వచ్చింది. పాత మందు ఆల్టిప్లేస్‌ను గంటసేపు ఎక్కించాలి. టెనెక్టిప్లేస్ ఒక్కసారి ఇచ్చే ఇంజెక్షన్, మన దేశంలోనే తయారవుతుంది, ధర కూడా తక్కువ. సిబ్బంది తక్కువ ఉన్న జిల్లా ఆస్పత్రికి ఇది పెద్ద తేడా. రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లాకో మెడికల్ కాలేజీ గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నారు. ఆ కాలేజీ ఆస్పత్రిలో రాత్రిపూట స్ట్రోక్ ఇంజెక్షన్ ఇస్తారా అన్నది భవనాల ప్రారంభోత్సవం కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కడుతున్నారు. 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. దాదాపు 2,000 పడకలు అంటున్నారు. పాతబస్తీకి ఇది చాలా అవసరం. అయితే 2020లో పడకల సంఖ్య ఒక్కటే సమస్య కాలేదు. అంటువ్యాధి పేషెంట్లకు ఒక దారి, స్ట్రోక్, గుండెపోటు, ప్రమాదాల వాళ్లకు వేరే దారి, వేరే స్కానర్ ఉంటే ఆస్పత్రి మొత్తాన్ని ఒకే జబ్బుకు మూసేయాల్సిన అవసరం రాదు. అది నక్షా దశలోనే ఆలోచించాల్సిన విషయం. గోడలు లేచాక కాదు. ఈ మాట అడగడానికి పాతబస్తీ ఎమ్మెల్యేలకు, కార్పొరేటర్లకు ఉన్నంత అవకాశం వేరెవరికీ లేదు.

మసీదు కమిటీలు చేయగలిగిందీ ఉంది. సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ సిలిండర్లు సమకూర్చింది, మయ్యత్‌లను దఫన్ చేసింది మన కుర్రాళ్లే. పాతబస్తీలో మసీదు ఆవరణలోనే నడుస్తున్న క్లినిక్‌లు ఉన్నాయి. జుమా రోజు నమాజ్ తర్వాత పది నిమిషాలు బీపీ చూడటానికి ఒక మిషన్, ఒక మనిషి చాలు. 140/90 దాటినవాళ్లను డాక్టర్ దగ్గరికి పంపితే అది రేపటి స్ట్రోక్‌ను ఆపే పని. రోజాలో ఉన్నవాళ్లు బీపీ, షుగర్ మందుల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు ఎట్లా మార్చుకోవాలో రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి. సొంతంగా మానేయడం వద్దు. జబ్బుపడ్డవాళ్లకు రోజా విషయంలో దీన్‌లోనే సడలింపు ఉంది.

ఇంట్లో గుర్తుపట్టడం కష్టం కాదు. నవ్వమంటే నోరు ఒక పక్కకే పోతుందా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి కిందికి జారుతుందా, మాట తడబడుతుందా. ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయాలి. తాగడానికి నీళ్లు ఇవ్వొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయొద్దు, నాళం చిట్లిందో మూసుకుందో స్కాన్ తీసేదాకా తెలియదు. గడియారం మొదలయ్యేది మనం చూసినప్పటి నుంచి కాదు, ఆ మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి. రాత్రి పదింటికి బాగానే పడుకుని సహరీకి లేచేసరికి చెయ్యి కదలకపోతే లెక్క రాత్రి పదింటి నుంచే. ఆ సమయం డాక్టర్‌కు కచ్చితంగా చెప్పాలి, అదే మొదట అడుగుతాడు.

ఇంకో పని ఎవరికీ ఏమీ కాకముందే చేయొచ్చు. ఇంటికి దగ్గరలో ఉన్న పెద్ద ఆస్పత్రికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగడం: రాత్రిపూట సీటీ స్కాన్ తీస్తారా, స్ట్రోక్ ఇంజెక్షన్ స్టాకు ఉంటుందా? లేదంటే ఇంకో ఆస్పత్రి. ఉందన్న ఆస్పత్రి పేరు, నంబరు ఒక కాగితం మీద రాసి, జెడ్డాలో ఉన్న కొడుక్కీ ఇంట్లో ఉన్న కోడలికీ చెరొకటి ఇవ్వాలి.